తోవ తెలిసినవాళ్ళు

మనవాళ్ళు ఎన్నో రకాల యాత్రలు చేశారు గాని, కుర్చీలోంచి లేవకుండా చేసే యాత్ర ఒకటి వచ్చిన సంగతి మా యీడువాళ్ళలో చాలామందికి తెలియదు. దానికి రైలు టిక్కెట్టు అక్కరలేదు. హోల్డాలు కట్టనక్కరలేదు. ఊరగాయ సీసా సంచిలో ఒలికిపోతుందన్న బెంగ లేదు. ఇంట్లో ఒక కంప్యూటరు, దానికి ఆగిపోని ఇంటర్నెట్టు, నెలనెలా కట్టే చందా ఉంటే చాలు. అయితే చూడవలసిన ఊళ్ళున్నాయి, నడవవలసిన దారులున్నాయి, దారిలో దొంగలున్నారు. తోటి ప్రయాణికులు కూడా ఉన్నారు. వాళ్ళు ఉత్త బొమ్మలు కారు. ఏ దేశంలోనో, ఏ వీధిలోనో, మనలాగే కుర్చీలో కూర్చున్న మనుషులు.

ఈ యాత్రకు నన్ను పురమాయించింది మా చెల్లెలి పిల్లల తగాదా. పెద్దవాడు ఈ ఆటల్లో పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాడు. చిన్నది ఈమధ్యనే మొదలుపెట్టింది. ఒకనాటి రాత్రి ముక్కూ మొహమూ తెలియని నలుగురితో కలిసి ఒక గుహలో దిగితే, వాళ్ళు నాలుగు మాటలని, అందరూ కలిసి ఓటు వేసి దాన్ని బయటికి పంపేశారట. అప్పటినుంచి ఆ పిల్ల ఆట ముట్టుకోలేదు.

"నేర్చుకోకుండా వెళ్ళమని ఎవరు చెప్పారు?" అని అన్నగారు.

"వెళ్ళనివ్వకపోతే ఎట్లా నేర్చుకుంటారు?" అని చెల్లెలు.

ఇద్దరూ నావైపు తిరిగారు. చూడని ఊరి మీద తీర్పు చెప్పడం నాకు అలవాటు లేదు. "ముందు ఆ దేశం చూసివస్తాను, ఆ తరవాత మాట్లాడతా"నన్నాను. మేనల్లుడు సంతోషించి, దారి చెప్పడానికి ఒప్పుకున్నాడు.

పాత అజెరోత్

ఆ దేశం పేరు అజెరోత్. అమెరికాలోని బ్లిజార్డ్ అనే కంపెనీ 2004 నవంబరులో తెరిచిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆటలోని లోకం అది. 2010లో అక్కడి పాత ఊళ్ళను చాలావరకు పడగొట్టి కొత్తగా కట్టారు. పాతవే బాగున్నాయని జనం ఏళ్ళతరబడి అడగ్గా అడగ్గా, 2019 ఆగస్టులో పాత అజెరోతును 'క్లాసిక్' అన్న పేరుతో విడిగా తెరిచారు. అందుచేత ఇప్పుడు పాత ఊరూ కొత్త ఊరూ రెండూ చూడవచ్చు. "మీ ప్రశ్నకు రెండూ చూడాలి మామయ్యా. పాతదానితో మొదలుపెట్టండి," అన్నాడు మేనల్లుడు.

మనుషుల రాజధాని స్టార్మ్‌విండ్. రాతికోట, కాలవలు, కాలవల మీద వంతెనలు. కోటగుమ్మం దాటితే ఎల్విన్ అనే పచ్చని అడవి. అడవి మధ్య గోల్డ్‌షైర్ అనే పల్లె, అక్కడొక పూటకూళ్ళ ఇల్లు. అక్కడినుంచి బాట పట్టుకొని పడమరగా పోతే ఒక నది. వంతెన దాటామో లేదో పచ్చదనమంతా మాయమై, నేలంతా పసుపురంగు తిరుగుతుంది. అదే వెస్ట్‌ఫాల్. కోసే దిక్కులేని చేలు, విడిచిపెట్టిన ఇళ్ళు, గాలిమరలు, మతి తప్పినట్టు పొలాల్లో తిరుగుతూ మనుషుల మీదికొచ్చే కోతయంత్రాలు. కరువు చూసిన కళ్ళకు ఆ రంగు కొత్తగాదు.

అంతటి పాడుపడిన సీమలో సాల్డీన్ అనే రైతు కుటుంబం ఒకటి ఊరు వదలకుండా ఉన్నది. ఆ ఇల్లాలు దారిన పోయేవాళ్ళకు కూర వండిపెడుతుంది గాని, సంభారాలు మనమే తెచ్చిపెట్టాలి: రాబందు మాంసం, అడవిపంది ముట్టె, మర్లాక్ అనే చేపమనిషి కళ్ళు, బెండకాయలు. మొదటి మూడింటి సంగతి అట్లా ఉంచండి. పరాయిదేశంలో బెండకాయ పేరు కనబడేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది.

సముద్రతీరాన ఒక దీపస్తంభం ఉన్నది. దాన్ని కనిపెట్టుకొని ఉండేవాడు ఒక ఓడ కెప్టెను. కాదు, ఆయన దయ్యం. దీపం ఆరిపోతే వచ్చే ఓడలు రాళ్ళకు కొట్టుకుంటాయని ఆయన బాధ. కోతయంత్రాల్లోంచి నూనె తెచ్చిపెట్టమని దారిన పోయేవాళ్ళను అడుగుతాడు. తన ప్రయాణం ముగిసినా రాబోయేవాళ్ళకోసం నూనె అడిగే ఆ మనిషి నాకు నచ్చాడు.

వెస్ట్‌ఫాల్‌లో అందరూ చూడగోరే చోటు మాత్రం డెడ్‌మైన్స్ అనే గని. దాని కథ ఇది. స్టార్మ్‌విండ్ పట్టణం ఒకప్పుడు యుద్ధంలో నేలమట్టమయింది. దాన్ని తిరిగి కట్టినవాళ్ళు రాతిపనివాళ్ళు; వాళ్ళ సంఘానికి పెద్ద ఎడ్విన్ వాన్‌క్లీఫ్. పని పూర్తయ్యాక పట్టణంలోని ప్రభువులు కూలి ఎగ్గొట్టారు. అల్లర్లు రేగాయి, ఆ గలాటాలో రాయి తగిలి రాణి చనిపోయింది. పనివాళ్ళు ఊరువిడిచి, డిఫియస్ అనే దొంగల ముఠాగా మారి, మూన్‌బ్రూక్ అనే పాడుబడిన ఊరి కింద గనిలో చేరారు. ఆ భూగర్భంలో ఒక పెద్ద ఓడ కడుతున్నారు. కోట కట్టిన చేతులే ఆ ఓడనూ కడుతున్నాయి.

ఆ గనిలోకి ఒంటరిగా పోవడానికి లేదు. ఇటువంటి గనులకు, గుహలకు, కోటలకు ఆటగాళ్ళు 'డంజన్' అని పేరు పెట్టారు. ఐదుగురు జట్టుగా దిగాలి. ఒకడు శత్రువుల కోపమంతా తనమీదికి తెచ్చుకొని దెబ్బలు కాస్తాడు. వాణ్ణి 'ట్యాంకు' అంటారు. ఒకరు గాయాలు మాన్పుతారు, వారు 'హీలరు'. మిగిలిన ముగ్గురూ కొట్టేవాళ్ళు. నేను పూజారి వేషం వేసుకొని, కొన్ని వారాల సాయంకాలాలు అడవిలో తిరిగి, గాయాలు మాన్పే విద్య సంపాదించాను. మేనల్లుడు జట్టులో చేరనన్నాడు. "నేనుంటే మీకు తోటివాళ్ళ సంగతి తెలియదు. పక్కన కూర్చొని చూస్తాను," అన్నాడు.

పాత అజెరోతులో జట్టు కూడటమే ఒక ప్రహసనం. అందరికీ వినబడేటట్టు కేకవేయాలి, అంటే రాయాలి. ఎవరో వస్తానంటారు, మరొకరు భోజనానికి లేచిపోతారు. మాకు గంట పట్టింది. తరవాత తలొక మూలనుంచి నడుచుకుంటూ రావాలి. దారిలో ఒకరికొకరు ఎదురుపడతారు, నాలుగు మాటలు రాసుకుంటారు. గని వాకిలి చేరేసరికి మాకు ఒకరి సంగతి ఒకరికి కొంత తెలిసింది. ట్యాంకు కుర్రాడు ఈ గనికి కొత్త. నేనూ కొత్తే. మంత్రగత్తె, కత్తులవాడు ఒకటి రెండుసార్లు వచ్చినవాళ్ళు. ఐదోవాడు వేటగాడు, లెక్కలేనన్నిసార్లు చూసినవాడు.

వాకిట్లో మంత్రగత్తె అందరికీ మంచినీళ్ళు పంచింది. మంత్రం చెప్పి నీళ్ళు, రొట్టె పుట్టించడం వాళ్ళ విద్య. హీలరు శక్తి తరిగినప్పుడు కూర్చొని నీళ్ళు తాగాలి. అందుకని అడగకుండానే ఇవ్వడం అక్కడ ఆచారం. మన ఊళ్ళలో ఎండాకాలం చలివేంద్రం పెట్టినవాళ్ళు దాహం వేసిందా అని అడుగుతారా?

తరవాత వేటగాడు నాలుగు ముక్కలు రాశాడు. ఈ పనివాళ్ళు చావు దగ్గరికి వచ్చేసరికి పరుగెత్తి తోటివాళ్ళను పిలుచుకొస్తారు, పారిపోనివ్వకండి. మొదటి రాక్షసుడు పడగానే ముందుకు పోకండి, వెనక్కి తిరిగి నిలబడండి. అంతే.

రాక్షసుడు పడ్డాడు. వాడి వెనక తలుపు తెరుచుకుంది. కొత్తవాడెవడైనా ఆ తలుపులోకే చూస్తాడు. మేము వెనక్కి తిరిగి నిలబడ్డాం. నిమిషం కాకముందే మేము వచ్చిన దారినే దొంగల గస్తీ ఒకటి వచ్చిపడింది. ఎవరూ చెప్పకపోయి ఉంటే, అందరికన్న వెనక నిలబడే హీలరే మొదట పడేవాడు; హీలరు పడ్డాక జట్టు ఎంతసేపు నిలుస్తుంది? చచ్చినవాళ్ళు దయ్యాలై శ్మశానంనుంచి మళ్ళీ గనిదాకా పరుగెత్తాలి. అది మాటలతో పోయే పని కాదు, కాళ్ళతో పోవాలి. వేటగాడు రాసినవి ముప్పయి మాటలుంటాయేమో. ఆ ముప్పయి మాటలూ అందరికీ ఎంతో కాలం మిగిల్చాయి.

పైకి పోగా పోగా ఇనపతలుపు అడ్డం వచ్చింది. ఫిరంగి పేల్చి దాన్ని బద్దలు కొట్టాం. అవతల, కొండ కడుపులో సముద్రం! నీళ్ళమీద ఆ ఓడ! ఇంతలేసి కళ్ళు చేసుకొని చూశాను. ఓడమీద స్మైట్ అనే ఎద్దుతల భారీకాయుడు కాపలా. అతని సంగతి ఏమిటని ట్యాంకు కుర్రాడు అడిగితే, వేటగాడు "అది చెప్పను, మీరే చూడండి" అన్నాడు. పోరు మధ్యలో ఆ భారీకాయుడు కాలితో దబ్బున నేల తన్నాడు. మా ఐదుగురికీ కాళ్ళూ చేతులూ కదలలేదు. అతను తాపీగా నడుచుకుంటూ వెళ్ళి, పెట్టె తెరిచి, ఇంకో ఆయుధం ఏరుకొని మళ్ళీ వచ్చాడు. అందరం నవ్వుకున్నాం. దాంతో ప్రాణాపాయం లేదని వేటగాడికి తెలుసు. ప్రాణం తీసేదాన్ని ముందే చెప్పి, నవ్వించేదాన్ని చెప్పకుండా ఉంచాడు. ఆ విచక్షణ నాకు గుర్తుండిపోయింది.

మీట నొక్కితే గని

మర్నాడు కొత్త అజెరోతుకు వెళ్ళాం. ఇక్కడ కేకలు లేవు, నడక లేదు. 2009 డిసెంబరులో 'డంజన్ ఫైండర్' అనే ఏర్పాటు వచ్చింది. మీట నొక్కి, నేను ట్యాంకును, లేదా హీలరును, లేదా కొట్టేవాణ్ణి అని చెప్పి ఊరుకోవడమే. యంత్రం ఎక్కడెక్కడివాళ్ళనో ఐదుగురిని ఏరి, ఉన్నచోటునుంచి ఎత్తి గనిలో దింపుతుంది. పని కాగానే ఎవరి చోటికి వాళ్ళను పంపేస్తుంది. ఇంటిల్లిపాదీ సంసారాలున్నవాళ్ళకు ఇది పెద్ద వరం. గంటసేపు జట్టుకోసం కేకలు వేసే తీరిక ఎంతమందికి ఉంటుంది?

అయితే గంట నడకతో పాటు ఇంకొకటి కూడా పోయింది. వెస్ట్‌ఫాల్ బాటమీద నడుస్తూ చెప్పుకున్న నాలుగు మాటలూ పోయాయి. ఇక్కడ ఐదుగురూ ఒక్కసారి ఊడిపడతారు. ట్యాంకు అప్పుడే పరుగు లంకించుకుంటాడు. కొత్తవాడు కొత్తవాడని ఎవరికీ తెలియదు. చెప్పే వ్యవధి అతనికీ లేదు. ఎక్కడో వెనకపడతాడు, తప్పుదారి పడతాడు, లేనిపోని శత్రువులను వెంటబెట్టుకొస్తాడు. అప్పుడు మాటలు మొదలవుతాయి. అవి పాఠాలు కావు, తిట్లు. జట్టులోవాళ్ళు ఓటువేసి ఒకరిని బయటికి పంపే ఏర్పాటు ఉన్నది. అల్లరి పెట్టేవాళ్ళకోసం పెట్టిన ఆ ఓటు అప్పుడప్పుడు కొత్తవాళ్ళ మీద పడుతుంది. మా చిన్నదానికి జరిగింది అదే.

ఇక్కడ మేనల్లుడి వాదం కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది.

"మామయ్యా, నేను ఆఫీసునుంచి వచ్చేసరికి తొమ్మిదవుతుంది. పదింటికి పడుకోవాలి. ఆ గంటా నాది. నేను బడిపంతులుగా జీతం తీసుకోవడం లేదు. తెలుసుకోవాలనుకున్నవాడికి పుస్తకాలున్నాయి, వీడియోలున్నాయి. ఇంకో నలుగురి కాలం పెట్టుబడిగా పెట్టి నేర్చుకోవడం ఏం ధర్మం? పోనీ చెబుదామంటే, మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ 'నీ పని నువ్వు చూసుకో' అన్నారు."

ఇందులో అబద్ధం ఏదీ లేదు. అడగని సలహా అమృతమైనా చేదే. పని చెడిపోయిన తరవాత, నలుగురి ముందు, తప్పులన్నీ ఏకరువు పెట్టి ఇచ్చేది సలహా అనిపించుకోదు కూడాను. వీళ్ళెవరూ గురుశిష్యులమని ఒప్పుకొని రాలేదు. రైలుపెట్టెలో కలుసుకున్నవాళ్ళ వంటివాళ్ళు.

కాని రైలుపెట్టెలోనూ మనకు కొన్ని అలవాట్లున్నాయి. ముందు స్టేషనులో ఎటు దిగాలో తెలియని ముసలమ్మ ఉంటే, తెలిసినవాడు "ఎడమవైపమ్మా" అని ఒక మాట చెబుతాడు. ఆమె ఊరిదాకా దిగబెట్టమని ఎవరూ అడగరు. ఆ ఒక్క మాటా చెప్పకుండా, ఆమె దిగలేక అవస్థపడుతుంటే దారికి అడ్డమని కసురుకునేవాణ్ణి మనం మెచ్చుకుంటామా? మేనల్లుడు చెప్పేది బడిపంతులు పని సంగతి. చెల్లెలు అడిగింది ఆ ఒక్క మాట.

సంచి ఎందుకు ఇచ్చారు?

ఇది మర్యాద ప్రశ్న మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇందులో లెక్క కూడా ఉంది.

ఐదుగురిలో కొట్టేవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో ఒకడు చేతకానివాడైనా మిగతావాళ్ళ చాటున గడిచిపోతుంది. ట్యాంకు ఒక్కడే, హీలరు ఒక్కరే. వాళ్ళ తడబాటు మరుక్షణంలో అందరికీ తెలుస్తుంది. అందరూ చస్తారు గనక. కాబట్టి తిట్లన్నీ తిరిగి తిరిగి ఆ ఇద్దరి మీదే పడతాయి. ఒకసారి తిట్లు తిన్న కొత్త ట్యాంకు ఏం చేస్తాడు? ఆట మానేస్తాడు, లేకపోతే కొట్టేవాళ్ళ గుంపులో చేరి తల దాచుకుంటాడు. అటు గుంపు పెరుగుతుంది, ఇటు ట్యాంకులు తరుగుతారు. మీట నొక్కిన కొట్టేవాళ్ళు గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. తిట్టినవాడే ఆ వరసలో కూర్చుంటాడు.

ఇది నా ఊహ కాదు. 2011 ఏప్రిల్‌లో అజెరోత్ కంపెనీవారే ఒక ఏర్పాటు చేశారు. ఏ పనికి మనుషులు చాలడం లేదో ఆ పనికి వచ్చినవాళ్ళకు అదనంగా బహుమానాల సంచి ఇస్తామన్నారు. అప్పట్లో కొరత ముఖ్యంగా ట్యాంకులకే. బాధ్యత మోసేవాళ్ళు లంచమిస్తే గాని రాని స్థితి వచ్చిందన్నమాట. ఏ ఊళ్ళోనైనా పెద్ద పని నెత్తిన వేసుకున్నవాణ్ణి మొదటి తప్పుకే నిలవేస్తే, రెండోసారి ముందుకొచ్చేవాడు దొరకడు.

ఇంకొక మార్పు కూడా వచ్చింది. మనుషులకు బదులు యంత్రం ఆడించే తోడువాళ్ళు. 2024 జనవరినుంచి అజెరోతులో కొన్ని డంజన్లకు అటువంటి తోడుతో వెళ్ళవచ్చు. ఆ తోడువాళ్ళు తిట్టరు, విసుక్కోరు, ఎంతసేపైనా ఆగుతారు. కొత్తవాళ్ళకు మేలే. బిడియస్తులకు మరీ మేలు. కాని మనిషికి భయపడి మనిషి బొమ్మల వెనక నడుస్తున్నాడంటే, తోవ తెలిసిన మనుషులు కొంచెం ఆలోచించుకోవాలి. ఆ గనిలో వేటగాడు నవ్వుకోవడానికని దాచిపెట్టిన ముచ్చట ఏ బొమ్మ దాచిపెడుతుంది?

ఆకుపచ్చ మొలక

"ఇంకో దేశం చూడండి మామయ్యా," అన్నది మేనకోడలు. ఆ దేశంలో కొత్తవాళ్ళను బాగా చూస్తారని దాని స్నేహితురాలు చెప్పిందట. అక్కడికి తానూ వస్తానన్నది. మేము ఇద్దరం కలిసి బయలుదేరాం.

ఆ దేశం ఎయోర్జియా. జపానులోని స్క్వేర్ ఎనిక్స్ కంపెనీవారి 'ఫైనల్ ఫాంటసీ' ఆటల్లో పద్నాలుగోది. 2010లో ఒకసారి తెరిచారు. జనానికి నచ్చలేదు. మూసేసి, మళ్ళీ కట్టి, 2013 ఆగస్టులో తిరిగి తెరిచారు. ఒకసారి చెడి బాగుపడ్డవాళ్ళకు కొత్తవాళ్ళ మీద కనికరం ఉంటుంది కాబోలు.

అక్కడ కొత్తగా వచ్చినవాడి పేరు పక్కన ఒక ఆకుపచ్చ మొలక కనిపిస్తుంది. జపానులో ఇటువంటి ఆచారం రోడ్లమీద కూడా ఉన్నది. కొత్తగా లైసెన్సు పుచ్చుకున్నవాళ్ళు ఏడాదిపాటు కారుకు పసుపూ పచ్చా కలిసిన లేతాకు గుర్తు తగిలించుకోవాలి; 1972నుంచి అది నియమం. ఆ గుర్తున్న కారును కావాలని ఒరుసుకొనిపోయినా, దానికి అడ్డం దూరినా శిక్ష. కొత్తదనం సిగ్గుపడవలసిన సంగతి కాదు, ఎదుటివాడు జాగ్రత్తపడవలసిన సంగతి అని దాని భావం.

ఎయోర్జియాలో డంజన్‌కు నలుగురు. యంత్రమే నలుగురిని కలుపుతుంది. అయితే, లోపలికి అడుగుపెట్టగానే ఒక మాట కనబడుతుంది: ఈ జట్టులో ఈ చోటు ఇంతవరకు పూర్తిచేయనివారు ఉన్నారు, పని ముగిశాక అందరికీ అదనపు బహుమతి ఉంటుంది అని. ఎవరో పేరు చెప్పదు. కొత్తవాడు జట్టుకు బరువు కావలసింది పోయి, లాభమయ్యాడు. మా మేనల్లుడు ఇది చూసి, "ఇట్లా అయితే నేనూ ఓర్చుకుంటాను," అన్నాడు. "బహుమతి కోసం మొదలుపెట్టిన ఓర్పు అలవాటయిపోతే ఇంకా మంచిది," అన్నాను.

ప్రయాణం ముగిశాక, తనకు మేలుచేశాడనుకున్న ఒకరికి ప్రతివాడూ ఒక మెప్పు ఇవ్వవచ్చు. తనకు తాను ఇచ్చుకోవడానికి లేదు. ఎన్నో ప్రయాణాలు చేసి, ఎన్నో మెప్పులు పొందినవాళ్ళు పెద్దరికం గుర్తుగా కిరీటం పెట్టుకోవచ్చు. కిరీటం పెట్టుకున్న ప్రతివాడూ గురువు కాడు లెండి. అది ఏ లోకంలోనైనా అంతే.

ఇన్ని చూశాక అన్నాచెల్లెళ్ళకు నా తీర్పు చెప్పాను. తోవ తెలిసినవాడు తెలియనివాడికి సాయపడవలసిందే. కాని ఎంత? పని చెడకముందు ఒక మాట. చెడ్డ తరవాత పది మాటలు కావు. అది కూడా ముందు "చెప్పమంటారా?" అని అడిగి. తప్పు చూపవలసివస్తే ఆ ఒక్కరికే వినబడేటట్టు చెప్పాలి. నలుగురి ముందు కాదు. ఆ ఒక్క మాటకూ ఓపిక లేని రోజున, తనవంటి నలుగురు స్నేహితులను పోగుచేసుకొని వెళ్ళాలి. ఆ ఏర్పాటు కూడా ఉన్నది. యంత్రం ఎవరిని కలిపితే వాళ్ళతో వెళ్తానని మీట నొక్కినవాడు, కొత్తవాడు కూడా రావచ్చని ఒప్పుకొనే నొక్కాడు. ఇక కొత్తవాడి ధర్మం: వాకిట్లోనే "నేను కొత్త" అని చెప్పడం, చెప్పినమాట వినడం. ఇద్దరూ పెద్దగా ఎదురుచెప్పలేదు.

సముద్రపు గుహ

ఎయోర్జియాలో కొత్తవాళ్ళు మొట్టమొదట చూసే డంజన్ సస్టాషా. సముద్రపు ఒడ్డున ఓడదొంగల గుహ. నీలపు వెలుతురు, తడిరాళ్ళు, గోడలమీద పగడపు చెట్లు. ఆ రోజు మేనకోడలు హీలరు. నేను పక్కన కూర్చొని చూస్తున్నాను. దాని వేళ్ళు కొంచెం వణుకుతున్నాయి. "కొత్తగా వచ్చాను" అని రాసింది. ట్యాంకుగా వచ్చినవాడు నమస్కారం పెట్టే బొమ్మ ఒకటి పంపి, నెమ్మదిగా నడవడం మొదలుపెట్టాడు.

ఆ గుహలో మూడు రంగుల పగడాలు ఎదురవుతాయి: ఎరుపు, నీలం, ఆకుపచ్చ. సరైన రంగుది ముట్టుకుంటే ముందుకు దారి. తప్పుది ముట్టుకుంటే శత్రువులు మీదపడతారు. ఏ రంగన్నది దగ్గరలో పడి ఉన్న నెత్తుటి మరకల కాగితంలో రాసి ఉంటుంది. ప్రతిసారీ ఒకటే రంగు కాదు. అనుభవజ్ఞులు కాగితం చదివి, పగడం ముట్టుకొని, కొత్తవాడు అక్కడికి చేరేలోగానే తలుపు తీసేస్తారు. అదీ సాయమే. కాని అట్లా సాయం పొందినవాడు గుహ దాటతాడే గాని గుహ చూడడు.

ఈ ట్యాంకు కాగితం దగ్గరికి పోలేదు. పగడాల మధ్య నిలబడ్డాడు. "కాగితం వెతికి, మీరే చెప్పండి," అని రాశాడు. మిగిలిన ఇద్దరూ కూడా ఆగారు. ఒకడు నిలబడ్డచోటే నాట్యం చేశాడు. మేనకోడలు అటూ ఇటూ తిరిగి కాగితం కనిపెట్టింది. "నీలం" అని రాసింది. "అయితే తెరవండి," అన్నాడు ట్యాంకు. తెరిచింది.

చివర చేపమనుషుల నాయకుడితో పోరు. అక్కడ మాత్రం ట్యాంకు ముందే చెప్పాడు: నేలమీది ఇనపజాలీల్లో నీళ్ళు బుడబుడమంటే వెంటనే ఎవరైనా వెళ్ళి చెయ్యిపెట్టండి, లేకపోతే లోపలినుంచి శత్రువులు పైకొస్తారు అని. మేనకోడలు ఒక చేత్తో గాయాలు మాన్పుతూనే రెండుసార్లు పరుగెత్తివెళ్ళి జాలీ మూసింది. నాయకుడు పడ్డాడు. అందరికీ అదనపు బహుమతి వచ్చింది. అది తన మెప్పును ఆ ట్యాంకుకు ఇచ్చింది.

పగడాల దగ్గర వాళ్ళు ముగ్గురూ ఎంతసేపు ఆగారో మేనల్లుడు గడియారం చూసి లెక్కపెట్టాడట. నలభై సెకండ్లు.

భోజనానికి పిలుపు వచ్చింది. "ఒక్క నిమిషం," అని మేనకోడలు మళ్ళీ మీట నొక్కింది, హీలరుగానే. హీలర్ల కరువు గదా, పిలుపు వెంటనే వచ్చింది. పులుసు చల్లారిపోయింది గాని, మా చెల్లెలు తప్ప ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.